జీతం రాని ఏళ్లు: బీఎంఎక్స్ రేసర్ బెథనీ శ్రీవర్ కేస్ స్టడీ

2021 జులై 30న టోక్యోలోని అరియాకె ట్రాక్ మీద బ్రిటన్‌కు కొద్ది నిమిషాల తేడాతో రెండు పతకాలు వచ్చాయి. ముందు పురుషుల ఫైనల్లో కై వైట్‌కు రజతం దక్కింది. చిన్న సైకిళ్ల మీద మట్టి దిబ్బల ట్రాక్‌లో సాగే ఈ రేసుల్లో, అంటే ఒలింపిక్ బీఎంఎక్స్‌లో, ఆ దేశానికి అదే మొదటి పతకం. ఆ సంబరం చల్లారకముందే మహిళల ఫైనల్లో బెథనీ శ్రీవర్ స్వర్ణం గెలిచింది. ఇద్దరూ 1999లోనే పుట్టారు. అతను దక్షిణ లండన్‌లోని పెకమ్ క్లబ్‌లో, ఆమె ఎసెక్స్‌లోని బ్రెయిన్‌ట్రీ క్లబ్‌లో సైకిల్ పట్టారు. వయసు, దేశం, ఆట, చివరికి పతకాల వేదిక కూడా ఒకటే. తేడా ఒక్కచోట ఉంది. రియో తర్వాత టోక్యో కోసం వేసిన నాలుగేళ్ల లెక్కల్లో పురుషుల బీఎంఎక్స్ రేసింగ్‌కు యూకే స్పోర్ట్ (బ్రిటన్‌లో ఒలింపిక్ ఆటలకు ప్రభుత్వ డబ్బు పంచే సంస్థ) నిధులు ఇచ్చింది, మహిళలకు ఇవ్వలేదు.

కోచ్‌గా నాకు ఇలాంటి జోడీ కేసు ఇంకెక్కడా దొరకలేదు. నేను ఇంగ్లండ్‌లో ఒక క్లబ్‌లో వారాంతాల్లో పిల్లలకు గేట్ స్టార్టులు నేర్పుతాను. ఇల్లు గడిచే ఉద్యోగం వేరే. క్లబ్‌లో టాలెంట్ ఉన్న పిల్లలు చాలామందే కనిపిస్తారు. పదహారు, పదిహేడేళ్లకు వాళ్లు కనబడటం మానేస్తారు. కాళ్లలో బలం తగ్గి కాదు. పెద్దల రేసుల్లోకి వెళ్లాక మొదటి రెండు మూడేళ్లు ఖర్చు ఎవరు పెట్టాలన్న దానికి ఇంట్లో సమాధానం ఉండదు, అంతే. బీఎంఎక్స్‌లో ప్రొఫెషనల్ కెరీర్ అంటే ముందుగా ఆ రెండు మూడేళ్లు దాటడం. శ్రీవర్ ఎలా దాటిందో విడదీసి చూడటమే ఈ రాత ఉద్దేశం.

ఆట గురించి కొంచెం

తెలియనివాళ్ల కోసం. ఈ ఆట 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో పుట్టింది. మోటోక్రాస్ బైకులు కొనలేని పిల్లలు తమ చిన్న సైకిళ్ల మీద, మట్టి దిబ్బల్లో ఆ రేసులను అనుకరించారు. ఇప్పటికీ చక్రం 20 అంగుళాలే. ఒకే గేరు, వెనక చక్రానికి ఒకే బ్రేకు. ఎనిమిది మంది ఒక దిబ్బ మీద వరసగా నిలబడతారు. ఒలింపిక్ స్థాయిలో ఆ దిబ్బ 8 మీటర్ల ఎత్తు ఉంటుంది, అంటే సుమారు రెండంతస్తుల మేడ పైనుంచి కిందికి దూకినట్టే. అక్కడి నుంచి జంపులు, ఒరిగి కట్టిన మలుపులు, మళ్లీ జంపులు. మొత్తం 40 సెకన్ల వ్యవహారం. 2008 బీజింగ్‌లో ఇది ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ర్యాంపుల మీద గాల్లో తిరిగే ఫ్రీస్టైల్ వేరే విభాగం, అది టోక్యోలో చేరింది.

రేసులో సగం పని గేటు దగ్గరే అయిపోతుంది. ముందు చక్రాన్ని గేటుకు ఆనించి, రెండు పెడల్స్ మీదా నిలబడి, కాలు నేలకు తగలకుండా కదలక మెదలక ఉండాలి. రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది, రైడర్లు సిద్ధమా, గేటు చూసుకోండి అని. ఆ తర్వాత కొంతసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతసేపో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ 0.1 నుంచి 2.7 సెకన్ల మధ్య ఏదో ఒకటి ఎంచుకుంటుంది. తర్వాత నాలుగు బీప్‌లు చకచకా వస్తాయి, వాటితోపాటే ఎరుపు, పసుపు, పసుపు, ఆకుపచ్చ లైట్లు. గేటు పడేది ఆకుపచ్చకు. కానీ గేటు పడటం చూసి కదిలినవాడు అప్పటికే వెనకబడ్డట్టు. మంచి రైడర్ మొదటి బీప్‌కే నడుమును వెనక్కి లాగి, ఆ ఊపుతో ముందుకు తోస్తాడు. ఆ తోపు చక్రానికి చేరేసరికి గేటు సరిగ్గా కింద పడుతూ ఉండాలి. కాస్త ముందైతే చక్రం గేటుకు కొట్టుకుని ఆగిపోతుంది. కాస్త ఆలస్యమైతే పక్కవాడి మోచెయ్యి నీ హ్యాండిల్‌కు ముందు ఉంటుంది. మొదటి మలుపులోకి ముందుగా దిగినవాళ్లకు దారి ఖాళీగా దొరుకుతుంది. వెనకవాళ్లకు దొరికేది ఎదుటివాళ్ల వెనక టైరు.

ఇదంతా చెప్పడానికి కారణం డబ్బే. ఈ నైపుణ్యం ఒంట్లోకి ఎక్కాలంటే అసలు రేసుల్లో, అసలు దిబ్బ మీద, తనకంటే వేగంగా వెళ్లేవాళ్ల పక్కన మళ్లీ మళ్లీ నిలబడాలి. ఆ అవకాశం ఇంటి పక్కన దొరకదు. దానికి విమానం ఎక్కాలి.

టైటిల్ వచ్చింది, నిధులు రాలేదు

2017లో అమెరికాలోని రాక్ హిల్‌లో శ్రీవర్ జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికి 18 ఏళ్లు. బయటివాళ్లకు ఇది కెరీర్ మొదలైన రోజులా కనిపిస్తుంది. లోపలివాళ్లకు మాత్రం అది గండం మొదలైన రోజు. జూనియర్ విభాగం 17, 18 ఏళ్లకే పరిమితం. ఏడాది తిరిగేలోపు ఎలీట్‌లోకి, అంటే పెద్దల అగ్రశ్రేణి విభాగంలోకి వెళ్లాలి. ఆ రోజుల్లో అండర్-23 విభాగం లేదు, అది తర్వాత వచ్చింది. అంటే 19 ఏళ్ల పిల్ల నేరుగా రెండుసార్లు ఒలింపిక్ చాంపియన్ అయిన మరియానా పహోన్ లాంటివాళ్ల పక్కన గేటు మీద నిలబడాలి. జూనియర్ టైటిల్‌ను చూసి అక్కడ ఎవరూ దారి వదలరు.

సరిగ్గా ఆ సమయంలో నిధులు లేవు. యూకే స్పోర్ట్ నిర్ణయం మీద చాలామంది కోపంగా రాశారు. నా అభిప్రాయం కొంచెం వేరు. వాళ్ల లెక్క వాళ్లకు ఉంది. పతకం వచ్చే చోటే పైసా పెట్టాలన్నది వాళ్ల పాలసీ. మహిళల బీఎంఎక్స్‌లో వాళ్ల చేతికి అందిన చరిత్ర షనేజ్ రీడ్‌ది. ఆమె ప్రపంచ చాంపియన్‌గా బీజింగ్ వెళ్లింది. ఫైనల్ చివరి మలుపులో ఫ్రాన్స్ రైడర్ ఆన్-కరొలీన్ షోసోను దాటబోయి పడిపోయింది. రజతం వచ్చే చోట ఏమీ రాలేదు. లండన్‌లో ఆరో స్థానం. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లు మహిళల రేసింగ్‌ను పక్కన పెట్టడంలో వింతేమీ లేదు.

తప్పు ఎక్కడుందంటే క్యాలెండర్‌లో. నాలుగేళ్ల డబ్బును రియో అయిపోగానే, 2016 చివర్లో పంచేశారు. శ్రీవర్ టైటిల్ వచ్చింది ఆ తర్వాతి ఏడాది వేసవిలో. అంటే కొత్త సమాచారం చేతికొచ్చేసరికి తలుపు మూసేశారు. కుర్రాళ్లలో పదిమంది ఉంటే ఒకరు అటూ ఇటూ అయినా ప్రోగ్రామ్ నడుస్తుంది. అమ్మాయిల విభాగంలో ఉన్నదే ఒకరిద్దరు. అలాంటి చోట ఒక్క జూనియర్ టైటిల్ అంటే విభాగం మొత్తం తారుమారైనట్టే. దాన్ని అందుకునే ఏర్పాటు ఆ పాలసీలో లేదు.

నిధులు ఉంటే ఏమొస్తుందో కూడా చెప్పాలి. మాంచెస్టర్‌లోని నేషనల్ సైక్లింగ్ సెంటర్‌లో 2011 నుంచి ఇండోర్ బీఎంఎక్స్ ట్రాక్ ఉంది. వానాకాలం, చలికాలం అనే తేడా లేదు, ఇంగ్లండ్‌లో ఇది చిన్న విషయం కాదు. కోచ్, ఫిజియో, మెకానిక్, విమాన టికెట్లు ప్రోగ్రామ్ చూసుకుంటుంది. దానిపైన అథ్లెట్ చేతికి నేరుగా బతుకుతెరువు గ్రాంటు వస్తుంది. ఆ కాలంలో పై స్థాయివాళ్లకు ఏడాదికి 28,000 పౌండ్ల దాకా ఉండేది, అప్పటి మారకంలో పాతిక లక్షల రూపాయల చిల్లర. లండన్ అద్దెలు తెలిసినవాళ్లు అది గొప్ప జీతమని అనరు. కానీ ఉదయం లేచి ట్రాక్‌కు వెళ్లాలా, డ్యూటీకి వెళ్లాలా అన్న ప్రశ్న ఉండదు.

స్కూల్లో ఉద్యోగం, సాయంత్రం ట్రాక్

శ్రీవర్ ఇంటి దగ్గరే ఉంది. ఒక స్కూల్లో పార్ట్‌టైమ్ టీచింగ్ అసిస్టెంట్‌గా చేరింది. అమ్మానాన్నలు ఖర్చులు పంచుకున్నారు, రేసులకు తిప్పారు. ఈ ఘట్టాన్ని పత్రికలు త్యాగం కథలా రాశాయి. కోచ్ కళ్లతో చూస్తే ఇందులో లెక్క కూడా కనిపిస్తుంది.

రోడ్ సైక్లిస్టుకు వారానికి పాతిక గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. అలాంటివాళ్లకు ఉద్యోగం పెట్టుకుంటే ఆట పోతుంది. బీఎంఎక్స్ రేసర్ శిక్షణ అలా ఉండదు. కొద్ది సెకన్ల స్ప్రింట్లు, మధ్యలో పూర్తి విశ్రాంతి. జిమ్‌లో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బరువును ఒక్క ఊపున పైకెత్తే పవర్ క్లీన్. గేట్ ప్రాక్టీస్. ట్రాక్ మీద ఒక్కో ముక్కను విడిగా సాధన చేయడం. గంటలు తక్కువ, కానీ ప్రతి ప్రయత్నం తాజా కాళ్లతో చేయాలి. అందుకే పార్ట్‌టైమ్ ఉద్యోగానికి చోటుంది. అయితే ఏ ఉద్యోగం అన్నదే అసలు విషయం. షిఫ్టులు మారే పని నిద్రను పాడుచేస్తుంది. గోడౌన్‌లో మూటలెత్తే పని కాళ్లను తినేస్తుంది. స్కూలు వేళలు ముందే తెలుస్తాయి. టర్మ్ సెలవులు కూడా ముందే తెలుస్తాయి. మా క్లబ్ పిల్లలకు నేను ఆమె కేసు నుంచి మొదట ఎత్తి చూపేది ఇదే: గంటకు రెండు పౌండ్లు ఎక్కువిచ్చే పని కంటే, సాయంత్రానికి కాళ్లు మిగిల్చే పని మేలు.

ఇంటి దగ్గర ఉండిపోవడంలో ఇంకో లాభం ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. చిన్నప్పటి నుంచి తెలిసిన ట్రాక్, తెలిసిన మనుషులు. పెద్ద ప్రోగ్రామ్‌లోకి వెళ్లిన పదిహేడేళ్ల పిల్లలు కొందరు అక్కడ వేగం పెంచుకుంటారు గానీ ఆడాలన్న సరదా పోగొట్టుకుని తిరిగొస్తారు. నేను అలాంటివాళ్లను చూశాను. శ్రీవర్ ఆ ప్రమాదం నుంచి తప్పించుకుంది, అది కూడా అనుకోకుండానే.

మరి డబ్బు ఎక్కడికి పోతుంది? తల్లిదండ్రులు ముందు సైకిల్ ధర అడుగుతారు. నిజానికి సైకిల్ ఒకసారి పెట్టే ఖర్చు. ఫ్రేము కార్బనా అల్యూమినియమా అన్నదాని మీద పిల్లలు గంటలు గంటలు వాదించుకుంటారు, పదహారేళ్ల లోపు దానివల్ల తేడా దాదాపు ఏమీ ఉండదు. ఫుల్ ఫేస్ హెల్మెట్, చేతికి గ్లోవ్స్, మెడకు బ్రేస్, టైమింగ్ కోసం ట్రాన్స్‌పాండర్, క్లిప్ పెడల్స్, వాటి షూస్. ఇవన్నీ కలిపినా ఒక సీజన్ ప్రయాణాల ముందు చిన్న మొత్తమే. ప్రపంచ కప్ రౌండ్లు యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా అంటూ ఖండాలు మారతాయి. సైకిల్ పెట్టెకు విమానంలో వేరే చార్జీ. హోటల్ ముందు రెండు రోజులు, ఎందుకంటే కొత్త ట్రాక్ మీద ప్రాక్టీస్ లేకుండా రేసుకు దిగితే ఎముకలు విరుగుతాయి. జట్టు లేనివాళ్లకు మెకానిక్ ఉండడు. రేసుల మధ్య టైరు పంక్చరైతే తనే మార్చుకోవాలి, అదే సమయంలో పోటీదారు కాళ్లు చాపుకుని మసాజ్ చేయించుకుంటూ ఉంటుంది. పైగా ఒలింపిక్ సీటు పాయింట్ల మీద వస్తుంది. డబ్బుల్లేక ఒక రౌండ్ వదిలేస్తే ఆ పాయింట్లు పోయినట్టే.

2019లో ఈ లెక్క ఇంట్లో తేలలేదు. శ్రీవర్ క్రౌడ్‌ఫండింగ్‌కు, అంటే ఆన్‌లైన్‌లో జనం దగ్గర విరాళాలు సేకరించడానికి దిగింది, లక్ష్యం 50,000 పౌండ్లు. మన లెక్కలో నలభై అయిదు లక్షల రూపాయల దరిదాపు.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు ఈ కథ విని వెంటనే ఆన్‌లైన్ పేజీ పెట్టేద్దామంటారు. ఆగమంటాను. ఆమె అడిగినప్పుడు చేతిలో ఏముందో చూడాలి. ప్రపంచ జూనియర్ టైటిల్ ఉంది. ఎలీట్‌లో పోటీపడుతున్న ఫలితాలు ఉన్నాయి. టోక్యో అర్హత అనే ఒక స్పష్టమైన గమ్యం, దానికో గడువు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, అబ్బాయిలకు ఇచ్చి అమ్మాయిలకు ఇవ్వలేదన్న ఒక్క వాక్యంలో చెప్పగలిగే అన్యాయం ఉంది. ఇచ్చేవాళ్లకు తమ పది పౌండ్లు ఎక్కడికి వెళ్తున్నాయో అర్థమైంది. మా వాడు బాగా తొక్కుతాడు, సాయం చేయండి అంటే చుట్టాలు ఇస్తారు, ఒకసారి ఇస్తారు. అంతకంటే ముందుకు పోదు. విరాళాల పేజీ నడపడం కూడా ఒక ఉద్యోగమే: అప్‌డేట్లు రాయాలి, థాంక్స్ చెప్పాలి, ఓడినప్పుడు కూడా పోస్టు పెట్టాలి. రేసుకు ముందు రోజు రాత్రి ఆ టెన్షన్ ఎలాంటిదో పడినవాళ్లకే తెలుసు.

ఆ తర్వాత ఆ దేశ సైక్లింగ్ సమాఖ్య బ్రిటిష్ సైక్లింగ్ ఆమెను మళ్లీ తన శిక్షణ ప్రోగ్రామ్‌లోకి తీసుకుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. క్రౌడ్‌ఫండింగ్ వల్లే స్వర్ణం వచ్చిందని చెప్పడం సగం నిజం. అది ఆమెను గేటు దగ్గర నిలబెట్టింది. చివరి మెరుగులు దిద్దింది మళ్లీ వ్యవస్థే. కోవిడ్ వల్ల ఆటలు ఏడాది వెనక్కి జరగడంతో ఆ మెరుగులకు సమయం కూడా కలిసొచ్చింది. ఏ వ్యవస్థా వెనక్కి పిలవని దేశంలో ఇదే పని చేస్తే ఫలితం ఇలాగే ఉండేదని నేను హామీ ఇవ్వలేను.

44.358

టోక్యో సెమీస్‌లో మూడు రన్‌లు. మూడూ శ్రీవరే గెలిచింది. ఫైనల్ మాత్రం ఒక్కటే రన్, ముందు ఎంత బాగా ఆడినా ఆ 40 చిల్లర సెకన్లలోనే తేలాలి. ఆమె గేటు నుంచే ముందుకొచ్చింది. చివరి స్ట్రెయిట్‌లో పహోన్ ఒక్కో దిబ్బ దగ్గరా కొంచెం కొంచెంగా దగ్గరైంది. గీత దాటేసరికి శ్రీవర్ టైమ్ 44.358, పహోన్ టైమ్ 44.448. సెకనులో పదో వంతు కూడా లేదు తేడా. మూడో స్థానం నెదర్లాండ్స్ రైడర్ మెరెల్ స్ముల్డర్స్‌ది. దాటాక శ్రీవర్ కాళ్లు పట్టేసి నేల మీద పడిపోయింది. కై వైట్ వచ్చి ఆమెను చేతుల్లో ఎత్తుకున్నాడు. ఆ ఫొటో అందరూ చూసే ఉంటారు.

నేను పిల్లలకు ఆ ఫొటో చూపించను, చివరి స్ట్రెయిట్ వీడియో చూపిస్తాను. వెనక నుంచి ఒకరు దూసుకొస్తుంటే చాలామంది పెడల్ ఎక్కువ తొక్కుతారు. దాంతో సైకిల్ దిబ్బ మీంచి గాల్లోకి లేస్తుంది, గాల్లో ఉన్నంతసేపు వేగం పోతుంది. ఆమె అలా చేయలేదు. చేతులతో హ్యాండిల్‌ను కిందికి నొక్కి, చక్రాలు నేలను వదలకుండా దిబ్బల మీంచి జారనిచ్చింది. ఒత్తిడిలో తక్కువ చేయడం అన్నింటికంటే కష్టమైన పని. అది ప్రాక్టీస్‌లో రాదు, పెద్ద రేసుల్లో ఓడీ ఓడీ వస్తుంది. ఆ ఓటములకు విమాన టికెట్లు కొన్నది స్కూలు జీతం, ఇంటి డబ్బు, తెలియనివాళ్ల విరాళాలు.

అదే ఏడాది ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని పాపెన్‌డల్‌లో ఆమె ప్రపంచ చాంపియన్ కూడా అయింది. 2023లో గ్లాస్గోలో మళ్లీ.

ఫ్రీస్టైల్ వాళ్ల లెక్క వేరు

రేసింగ్ చూసి ఫ్రీస్టైల్‌ను అంచనా వేయకూడదు, కాబట్టి క్లుప్తంగా. టోక్యోలోనే ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచిన షార్లెట్ వర్తింగ్టన్ అంతకుముందు ఒక మెక్సికన్ రెస్టారెంట్‌లో చెఫ్‌గా పనిచేసేది. 2017లో ఆ విభాగాన్ని ఒలింపిక్స్‌లో చేర్చాకే బ్రిటన్‌లో దానికి ప్రోగ్రామ్ పుట్టింది, ఆమె ఉద్యోగం మానగలిగింది. ఫైనల్లో మొదటి రన్‌లో పడిపోయి, రెండో రన్‌లో అదే 360 బ్యాక్‌ఫ్లిప్ (గాల్లో సైకిల్‌తో సహా వెనక్కి పల్టీ కొడుతూ చుట్టూ తిరగడం) మళ్లీ వేసి 97.50 పాయింట్లు తెచ్చుకుంది. అక్కడ రెండో రన్ ఉంటుంది. రేసింగ్ ఫైనల్లో ఉండదు.

ఫ్రీస్టైల్‌లో పోటీలే లేకుండా కూడా బతకొచ్చు. న్యూయార్క్ క్వీన్స్‌కు చెందిన నైజల్ సిల్వెస్టర్ పతకాలతో పేరు తెచ్చుకోలేదు. వీధుల్లో తీసిన వీడియోలతో తెచ్చుకున్నాడు, జోర్డాన్ బ్రాండ్ అతని పేరు మీద షూస్ విడుదల చేసేంత. కెమెరా, ఎడిటింగ్, తనకంటూ ఒక స్టైల్, వీటికి ఫెడరేషన్ అవసరం లేదు. మన హైదరాబాద్, వైజాగ్ కుర్రాళ్లు రోడ్ల మీద వీలీలు కొట్టి రీల్స్ పెడుతున్నది ఈ దారికే దగ్గర. కాకపోతే ట్రాఫిక్‌లో కొట్టే వీలీకి ఏ బ్రాండూ డబ్బులివ్వదు, పోలీసులు మాత్రం చలానా ఇస్తారు.

ఎముకలు, మెదడు

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. టోక్యోలో ఆ రోజే, పురుషుల సెమీస్‌లో రియో చాంపియన్ కానర్ ఫీల్డ్స్ పడ్డాడు, మెదడులో రక్తస్రావం అయింది. తర్వాత అతను రేసింగ్‌కు తిరిగి రాలేదు. ఆస్ట్రేలియా రైడర్ కై సకకిబారా 2020 ఫిబ్రవరిలో బాథర్‌స్ట్ ప్రపంచ కప్‌లో పడి కోమాలోకి వెళ్లాడు. నడక, మాట మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. అతని చెల్లెలు సయా టోక్యో సెమీస్‌లో పడింది, ఆమెకూ తల అదిరింది. ఆమే 2024 పారిస్‌లో స్వర్ణం గెలిచింది. లండన్‌లో రజతం గెలిచిన సామ్ విల్లోబీ 2016లో శిక్షణలో పడి వెన్నుపూస దెబ్బతింది. వీల్‌చెయిర్‌లోంచే తన భార్య అలీస్‌కు కోచ్ అయ్యాడు, ఆమె ఆ తర్వాత ప్రపంచ చాంపియన్ అయింది. ఫ్రీస్టైల్ దిగ్గజం డేవ్ మిర్రా 2016లో చనిపోయాక అతని మెదడును పరీక్షిస్తే, పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు బయటపడింది.

భయపెట్టడానికి కాదు ఇది. కెరీర్ ప్లాన్ అంటే స్పాన్సర్ల జాబితా అనుకునేవాళ్లకు చెబుతున్నాను. కాలర్‌బోన్ విరిగితే వారాలు పడుతుంది, అది ఈ ఆటలో మామూలే. తలకు దెబ్బ తగిలాక ఎప్పుడు మళ్లీ ఎక్కాలన్నది మాత్రం రైడర్‌కు గానీ తండ్రికి గానీ వదలకూడదు. ప్రోగ్రామ్‌లో ఉన్నవాళ్లకు ఆపే డాక్టర్ ఉంటాడు. సొంత డబ్బుతో తిరిగేవాళ్లకు వచ్చే ఆదివారం రేసుకు కట్టిన ఎంట్రీ ఫీజే గుర్తొస్తుంది. శ్రీవర్ జీతం లేని ఏళ్లలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. ఆ ఏళ్లలో ఆమెకు పెద్ద తల దెబ్బ తగిలి ఉంటే రాయడానికి ఈ కేసే ఉండేది కాదు. విదేశీ రేసులకు వెళ్లేముందు ఇన్సూరెన్స్ పాలసీలో బీఎంఎక్స్ రేసింగ్ అన్న మాట రాసి ఉందో లేదో చదవమంటాను. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు పోటీలను కవర్ చేయవు.

మనవాళ్లు అడిగేది

ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్ల పిల్లలు కొందరు ఈ మధ్య ట్రాక్‌ల మీద కనిపిస్తున్నారు. ఒక తండ్రి ప్రాక్టీస్ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. వాళ్లబ్బాయి మొదటి మలుపు దాకా బాగా వస్తాడు, తర్వాత కంగారు పడతాడు.

"ఏమండీ, ఒక్కమాట. దీంట్లో ఫ్యూచర్ ఉందంటారా?" అన్నాడు.

"చదువు ఆపేసేంత లేదండీ. చదువుతో పాటు లాగించేంత ఉంది" అన్నాను.

"ఒలింపిక్స్‌లో గెలిస్తే ఎంతిస్తారు ఇక్కడ?"

ఏమీ ఇవ్వరని చెబితే నమ్మలేదు. నిజమే, బ్రిటిష్ ఒలింపిక్ జట్టు పతకానికి నగదు బహుమతి ఇవ్వదు. మనకు అలవాటైన లెక్క వేరు. రియోలో సింధు రజతం గెలిస్తే తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. గెలిచాక వచ్చే డబ్బు అది. బ్రిటన్ పెట్టేది గెలవకముందు, అది కూడా గెలుస్తారని నమ్మినవాళ్ల మీదే. శ్రీవర్‌కు ఆ ముందు డబ్బు ఆగింది, వెనక డబ్బు ఎలాగూ లేదు. ఈ మధ్యలో పడినవాళ్లకు కుటుంబమే స్పాన్సర్.

హైదరాబాద్ నుంచి ఫోన్ చేసేవాళ్లకు ఇంకో సమాధానం. ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ (ట్రాక్ సైక్లింగ్ కోసం గుండ్రంగా, ఒరిగించి కట్టిన నున్నని ట్రాక్) ఉంది. కానీ వెలోడ్రోమ్ మీద బీఎంఎక్స్ నేర్చుకోలేరు, దిబ్బలు కావాలి. అయితే దీన్ని తిరగేసి చూడొచ్చు. ట్రాక్ సైక్లింగ్‌లో ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన క్రిస్ హోయ్ చిన్నప్పుడు బీఎంఎక్స్ రేసరే. బీజింగ్‌లో బీఎంఎక్స్ స్వర్ణం గెలిచిన షోసో అంతకుముందు మౌంటెన్ బైక్ డౌన్‌హిల్‌లో ప్రపంచ చాంపియన్. ఈ విభాగాల మధ్య గోడలు తక్కువ. ఇంటి పక్క మట్టి దిబ్బల మీద పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు తొక్కిన పిల్లవాడికి స్ప్రింట్ కాళ్లు, సైకిల్ మీద పట్టు వస్తాయి. ఆ కాళ్లతో వెలోడ్రోమ్ మీద స్ప్రింట్‌లోకి మారొచ్చు. మన దేశ జూనియర్ కుర్రాళ్లు 2019లో జర్మనీలో టీమ్ స్ప్రింట్ ప్రపంచ టైటిల్ గెలిచారు, కాబట్టి ఆ తలుపు గాలిలో మేడ కాదు.

శ్రీవర్ కేసులో మిగిలిన ముక్క పారిస్. 2024లో ఆటలకు కొన్ని నెలల ముందు కాలర్‌బోన్ విరిగింది. కోలుకుని వచ్చింది. క్వార్టర్స్‌లో మూడు రన్‌లు, సెమీస్‌లో మూడు రన్‌లు, ఆరూ గెలిచింది. ఫైనల్లో గేటు దగ్గరే వెనకబడింది, ఎనిమిదో స్థానంలో ముగించింది. టోక్యోలో లాగానే ఫైనల్ ఒక్క రన్. ఈసారి మాత్రం ఆమె వెనక పూర్తి ప్రోగ్రామ్, డాక్టర్లు, మెకానిక్, ఇండోర్ ట్రాక్ అన్నీ ఉన్నాయి. డబ్బు గేటు దాకా తీసుకెళ్తుంది. మొదటి బీప్‌కు కదలాల్సింది రైడరే.

గుంటూరాయన కొడుక్కి ఈ సీజన్ రీజనల్ రేసులు చాలని చెప్పాను. నేషనల్ సిరీస్ వచ్చే ఏడాది చూద్దాం. ట్రాన్స్‌పాండర్ మాత్రం కొత్తది కొనొద్దన్నాను, క్లబ్‌లో మానేసిన పిల్లలవి ఎప్పుడూ రెండు మూడు అమ్మకానికి ఉంటాయి.